పోటీ పరీక్షల ప్రత్యేకం: అవధూత కాశినాయన

మఠ స్థాపకులు అనగానే చాలామంది అభ్యర్థులు కందిమల్లాయపల్లె వీరబ్రహ్మేంద్రస్వామి దగ్గరే ఆగిపోతారు. పామూరు వైపు వాళ్లకు ఇంకా దగ్గరి పేరు కాశినాయన. స్వగ్రామం పొరుగునే, నెల్లూరు జిల్లా సీతారామపురం మండలం బెడుసుపల్లె. అసలు పేరు కాశిరెడ్డి. (1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా పామూరూ నెల్లూరులోనిదే. ఈ బిట్ విడిగానూ పనికొస్తుంది.)

నల్లమలలో పాడుబడిన గుళ్లను బాగు చేయించడం, వచ్చినవాళ్లకు అన్నం పెట్టడం ఆయన చేసిన పని. కడప జిల్లా అడవిలోని జ్యోతి క్షేత్రం ప్రధాన ఆశ్రమం; 1995లో సమాధి అయ్యారు. అక్కడి మండలానికి శ్రీ అవధూత కాశినాయన మండలమనే పేరు పెట్టారు. ఆయన పేరిట అన్నదాన సత్రాలు రాయలసీమ, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇప్పటికీ నడుస్తున్నాయి. నా దృష్టిలో, భవనాల కంటే ఈ పొయ్యిలే ఆయన అసలు మఠం.

వర్తమానాంశం: 2025 మార్చిలో అటవీ శాఖ జ్యోతి క్షేత్రంలో కొన్ని నిర్మాణాలను కూల్చింది. మంత్రి నారా లోకేశ్ క్షమాపణ చెప్పి, తిరిగి కట్టిస్తామన్నారు. దీనితోపాటు వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972), అటవీ సంరక్షణ చట్టం (1980) చూసుకోండి. రెండోదాని పేరు 2023 సవరణతో మారింది. ప్రశ్న వచ్చేది సాధారణంగా అక్కడే.

జతపరచండి కోసం: అడవిలో మఠం కట్టిన రష్యా ఆర్థడాక్స్ సాధువు రదోనెజ్ సెర్గియస్ (మరణం 1392). మాస్కో సమీపంలోని ఆయన ట్రినిటీ మఠం 1993లో యునెస్కో జాబితాకెక్కింది.