లేపాక్షి

శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురమునకు తూర్పుగా సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి అను చిన్న ఊరు కలదు. 2022వ సంవత్సరము వరకు ఇది అనంతపురము జిల్లాలో చేరియుండెడిది. రాయలసీమలోని తక్కిన పల్లెలవలెనే ఇచ్చటను మెట్టచేలు, చింతచెట్లు, గుండ్రాళ్ల గుట్టలు కానవచ్చును. ఈ సీమలో వాన తక్కువ, రాయి ఎక్కువ. సేద్యగానికి అడ్డుగా నిలిచిన ఆ రాతినే శిల్పి తన పొలముగా భావించెను. అతడు పండించిన పంట నేటికిని లేపాక్షిలో నిలిచియున్నది.

ఊరిలో ప్రవేశించిన యాత్రికుని చూపును ముందుగా ఆకర్షించునది బసవన్న. పదునైదడుగుల ఎత్తు, ఇరువదియేడడుగుల పొడవు గల ఈ నంది ఒకే రాతిలో మలచబడినది. మెడలో గంటల పేరులు, వీపుపై అలంకారములు, ఎత్తిపట్టిన శిరస్సు, నిక్కిన మూపురము గల ఆ కోడె, యజమాని పిలుపు వినినంతనే లేచి నడచునో యన్నట్లుండును. ఆలయము ఇచ్చటికి ఇన్నూరు మీటర్ల దూరమున నున్నది. నంది చూపు ఆ దిక్కుననే నిలిచియున్నది. అడివి బాపిరాజు ఈ బసవన్నను గూర్చి పాట వ్రాసెను.

ఇంతటి విగ్రహమును చెక్కుట యెట్లు? సామాన్యమైన విగ్రహమునకు శిల్పి తగిన రాతిని ఏరి తెచ్చుకొనును. పని చెడిన మరియొక రాతిని తెచ్చుకొనవచ్చును. మహాశిలను చెక్కువానికి ఆ వెసులుబాటు లేదు. రాయి శిల్పికడకు రాదు. శిల్పియే రాతికడకు పోవలెను. ఆ గుండు ఎంత పొడవున్నదో, ఎచ్చట ఉబ్బియున్నదో, ఎచ్చట పగులున్నదో ముందుగా పరీక్షింపవలెను. మూపురమునకు ఎంత రాయి మిగుల్పవలెనో, కొమ్ములకెంత విడువవలెనో మనస్సులోనే నిర్ణయించుకొనవలెను. అనవసరమైన భాగమును చీల్చుటకు వరుసగా రంధ్రములు తొలిచి, వానిలో ఇనుప చీలలు దిగగొట్టెడివారు. పిమ్మట ముతక ఉలితో ఆకారమును, సన్నని ఉలితో నగలను తీర్చెడివారు. మట్టిబొమ్మకు చెవి విరిగిన మరల అతికింపవచ్చును. రాతికి అట్లు కుదరదు. తీసివేసిన రాతిని ఏ శిల్పియు మరల చేర్పజాలడు. అందువలన ప్రతి సుత్తెదెబ్బకును ముందు ఒక ఆలోచన ఉండితీరవలెను.

ఆలయము కూర్మశైలమను గుట్టమీద నున్నది. తాబేటి వీపువలె ఉండుటచే దానికా పేరు కలిగెను. విజయనగర ప్రభువైన అచ్యుతదేవరాయల కాలమున, అనగా 1529 – 1542 సంవత్సరముల నడుమ, పెనుగొండ సీమలో అధికారులుగా నున్న విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు దీనిని కట్టించిరని ప్రసిద్ధి. ఇచ్చట ప్రధాన దైవము వీరభద్రుడు. పాపనాశేశ్వరుడు, రఘునాథుడు ఎదురెదురుగా కొలువైయున్నారు. శివకేశవులను ఒకే కప్పుక్రింద దర్శించుట యాత్రికులకు ఆనందదాయకము.

ప్రాకారములోపల ఆలయమునకు వెనుకవైపున మరియొక మహాశిల కలదు. దానిపై ఏడు పడగల నాగేంద్రుడు చుట్టలు చుట్టుకొని, నడుమ నున్న శివలింగమునకు గొడుగు పట్టినట్లు నిలిచియున్నాడు. అదే గుండు ప్రక్కన వినాయకుని రూపమును చెక్కబడినది. ఈ నాగలింగమును గూర్చి ఒక కథ చెప్పుదురు. శిల్పులు భోజనమునకు రాగా వంట ఇంకను కాలేదట. ఊరక కూర్చుండుట వారికి నచ్చలేదు. ఎదుట నున్న గుండును చెక్క మొదలిడిరి. తల్లి వంట ముగించి వచ్చి చూచునప్పటికి నాగేంద్రుడు పడగ విప్పి నిలిచెను. తల్లి విస్మయముతో చూడగా ఆ దృష్టి తగిలి రాయి పగిలెనట! ఆ పగులును నేటికిని చూపుదురు.

ఒక పూట వంట అగునంతలో ఇంత శిల్పము పూర్తియగుట అసంభవము. అయినను కథ వ్యర్థము కాదు. పనిలేక కూర్చుండుట శిల్పులకు భారమైనదనియు, వారి నేర్పు కన్నతల్లికే అబ్బురము కలిగించినదనియు జనులు ఈ విధముగా చెప్పుకొనిరి.

నాట్యమండపమున స్తంభములే సభాసదులు. రంభ నాట్యమాడుచుండగా బ్రహ్మ మద్దెల వాయించుచున్నాడు. తుంబురుడు వీణ మీటుచున్నాడు. మూడు కాళ్ల భృంగియు ఆ సభలో నున్నాడు. ఇచ్చటి స్తంభములలో నొకటి అడుగున నేలను పూర్తిగా తాకదు. యాత్రికులు దాని క్రిందుగా గుడ్డను దూర్చి వెలికి తీసి ఆశ్చర్యపడుచుందురు. పైనున్న దూలములు, కప్పురాళ్లు ఒకదానినొకటి పట్టుకొని బరువును పంచుకొనుటచేతనే ఈ మండపము చెక్కుచెదరక నిలిచియున్నది.

తలయెత్తి చూచిన పైకప్పుమీద వర్ణచిత్రములు కనబడును. సున్నపు పూతమీద ఎఱుపు, పసుపు, నలుపు మొదలగు రంగులతో పురాణేతిహాస కథలను చిత్రించిరి. పార్వతీకల్యాణము, కిరాతార్జునీయము, వటపత్రశాయి యైన బాలకృష్ణుడు ఇందు కలరు. మిక్కిలి పెద్దది వీరభద్రుని చిత్రము. విరూపణ్ణ, వీరణ్ణ సోదరులును భక్తులై నిలిచి చిత్రింపబడిరి. పొడవైన కుళ్లాయిలు ధరించిన పురుషులను, పూలు తీర్చిన చీరలు కట్టిన స్త్రీలను చూచి ఆనాటివారి వేషధారణమును తెలిసికొనవచ్చును. లతామండప స్తంభములపైని అల్లికలు నేటి చీరల అంచులలోనికిని దిగివచ్చినవి.

ఆలయమునకు నైరుతి దిక్కున కల్యాణమండపము కలదు. శివపార్వతుల పెండ్లికి వచ్చిన దేవతలు, ఋషులు స్తంభములపై నిలిచియున్నారు. కాని మండపమునకు కప్పు లేదు. పని నడుమనే ఆగిపోయినది. దీనికి కారణముగా జనులు చెప్పుకొను గాథ హృదయవిదారకమైనది. విరూపణ్ణ రాజకోశమునకు అధికారియట. ప్రభువు అనుమతి లేకయే కోశధనమును ఆలయమునకు వ్యయపఱచెనని కొందఱు చాడి చెప్పిరట. రాజు కన్నులు తీయించునని తెలిసి, విరూపణ్ణ తానే కన్నులు పెఱికికొని గోడపై విసరెనట. గోడమీది ఎఱ్ఱని మరకలను అందుకు గుర్తుగా చూపుదురు.

ఇది జనశ్రుతియే కాని నిర్ధారితమైన చరిత్ర కాదు. అయినను ఇందు ఆలోచింపదగిన విషయము కలదు. ప్రజలు విరూపణ్ణను ప్రేమించిరి. అతని కట్టడమును చూచి గర్వించిరి. కాని ఆ కట్టడమునకైన ధనము ఎవరిది అను ప్రశ్నను మాత్రము మఱువలేదు. ఎంత గొప్ప కార్యమైనను పదిమంది సొమ్మునకు లెక్క చెప్పవలసినదే యని ఆ గాథ హెచ్చరించుచున్నది.

2022వ సంవత్సరమున లేపాక్షి వీరభద్రాలయమును, ఏకశిలానందిని ప్రపంచ వారసత్వ సంపదల తాత్కాలిక జాబితాలో చేర్చిరి. ఇది సంతోషింపదగిన విషయము. కాని జాబితాలో పేరెక్కినంత మాత్రమున రంగులు నిలువవు. బసవన్న నాలుగు వందల యేండ్లకు పైగా ఎండకు వానకు ఓర్చి నిలిచెను. పైకప్పుమీది చిత్రములకు ఆ ఓర్పు లేదు. కొన్నిచోట్ల పూత రాలి బొమ్మలు మాసిపోయినవి. చేతితో తాకినను, చెమ్మ చేరినను అవి చెడును. రాతిపై పేరు గీయువాడు తాను చిరంజీవి నైతినని తలచును. కాని అంతటి శిల్పమును చెక్కినవారు తమ పేరులనే చెప్పక పోయిరి.

శిల్పి తీసివేసిన రాతిని మరల చేర్పజాలనట్లే, మనము పోగొట్టుకొన్న చిత్రమును మరల తేజాలము. కనుక లేపాక్షికి పోవు బాలబాలికలు కన్నులార చూడవలెను, మనసార తలపవలెను, చేతులను మాత్రము వెనుకకు కట్టుకొనవలెను. అప్పుడే బసవన్న రాబోవు తరములవారికిని ఇట్లే తలయెత్తి స్వాగతము చెప్పగలడు.