కాసు మీది సిపాయి

ఇంగ్లీషు వాళ్ల బంగారు కాసును ఎప్పుడైనా చూశారా? దాన్ని సవరన్ అంటారు. సవరన్ అంటే 8 గ్రాములు అని బంగారం కొట్లో ఇప్పటికీ చెబుతారు. ఆ లెక్క ఈ కాసు బరువు నుంచే వచ్చింది.

ఆ కాసు మీద ఒక బొమ్మ ఉంటుంది. గుర్రం మీద ఒక సిపాయి. గుర్రం కాళ్ల కింద రెక్కలున్న పాములాంటి జంతువు. ఈ బొమ్మను 1817లో మొదటిసారి కాసు మీద వేశారు. ఆ సిపాయి పేరు జార్జి. ఎవరీ జార్జి? తెలుసుకుందాం.

సిపాయి జార్జి

ఇది సుమారు 1,700 ఏళ్ల కిందటి మాట. అప్పుడు రోము చక్రవర్తులది చాలా పెద్ద రాజ్యం. ఇప్పటి టర్కీ, పాలస్తీనా, ఈజిప్టు అన్నీ దాని కిందే ఉండేవి.

జార్జి తండ్రిది కప్పడోకియా అంటారు. అది ఇప్పటి టర్కీలో ఉంది. తల్లిది పాలస్తీనాలోని లుద్ద అనే ఊరు. జార్జి చిన్నతనంలోనే తండ్రి చనిపోయాడు. తల్లే కష్టపడి కొడుకును పెంచింది. పెద్దవాడయ్యాక జార్జి రోము సైన్యంలో చేరాడు. మంచి హోదా సంపాదించాడు.

చక్రవర్తి ఆజ్ఞ

అప్పటి చక్రవర్తి పేరు డయోక్లీషియన్. 303లో ఆయన ఒక ఆజ్ఞ వేశాడు. చర్చిలు కూలగొట్టాలి. క్రైస్తవుల గ్రంథాలు కాల్చాలి. హోదాలో ఉన్న క్రైస్తవుల హోదా తీసేయాలి. తర్వాత ఇంకో మాట వచ్చింది. అందరూ రోము దేవతలకు బలి ఇవ్వాలి. కాదన్నవాళ్లను చెరలో పెట్టారు. చాలామందిని చంపారు. గ్రంథాలను బజారులో కాల్చుతుంటే కళ్లారా చూశానని యూసేబియస్ అనే ఆయన రాసిపెట్టాడు.

జార్జి క్రైస్తవుడు. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది. ప్రాణం ఉంటుంది. కానీ అతను అలా చేయలేదట. ఉన్న ఆస్తంతా పేదలకు పంచేశాడు. చక్రవర్తి ముందుకు పోయి, తాను క్రైస్తవుణ్ణని చెప్పేశాడు. భూములు ఇస్తామని ఆశ పెట్టారు. లొంగలేదు. చిత్రహింసలు పెట్టారు. అయినా మాట మార్చలేదు. చివరికి తల నరికారు. అది ఏప్రిల్ 23 అని చెబుతారు. అతని ధైర్యం చూసి రాణి అలెగ్జాండ్రా కూడా క్రైస్తవురాలయిందని కథ. జార్జి సమాధి లుద్దలో ఉందని చెబుతారు.

నమ్మిన దానికోసం ప్రాణం ఇచ్చినవాళ్లను హతసాక్షులు అంటారు.

ఆ తర్వాత పదేళ్లకు, 313లో, రోము పాలకులే దిగివచ్చారు. ఎవరి మతం వాళ్లు పాటించుకోవచ్చని ఒప్పుకున్నారు.

మరి ఆ రెక్కల పాము?

ఈ కథ జార్జి చనిపోయిన వందల ఏళ్లకు పుట్టింది. ఒక ఊరి చెరువులో పెద్ద రెక్కల పాము ఉండేదట. రోజూ దానికి రెండు గొర్రెలు ఇచ్చేవాళ్లు. గొర్రెలు అయిపోయాయి. ఇక చీట్లు వేసి మనుషులను పంపడం మొదలుపెట్టారు. ఒకరోజు రాజు కూతురి పేరు వచ్చింది. ఆ దారిన పోతున్న జార్జి బల్లెంతో పామును పొడిచాడు. రాజు కూతురు తన నడికట్టు విప్పి దాని మెడకు కట్టింది. కుక్కపిల్లను నడిపించినట్టు ఊళ్లోకి నడిపించింది!

ఈ కథ వింటే బకాసురుడు గుర్తుకు వస్తాడు. అక్కడా ఇంటికొకరు పోవలసిందే. అక్కడ భీముడు కాపాడాడు.

ఏది చరిత్ర? ఏది కథ?

303లో ఆజ్ఞ వేయడం చరిత్ర. గ్రంథాలు కాల్చడం, మనుషులను చంపడం చరిత్ర. రెక్కల పాము కథ. జార్జి బతుకు గురించి చెప్పే చాలా సంగతులు తరతరాలుగా నోటి మాటగా వచ్చినవే. చదివేటప్పుడు ఈ తేడా చూసుకోవాలి. కథలో నీతి ఉండవచ్చు. కానీ కథ వేరు, జరిగింది వేరు.

జార్జి పేరు ఎక్కడెక్కడ ఉంది?

ఇంగ్లండు దేశం జార్జిని తన రక్షకుడుగా చెప్పుకుంటుంది. ఇథియోపియాలో లాలిబెలా అనే చోట ఒకే బండను తొలిచి జార్జి పేరుతో చర్చి కట్టారు. పాలస్తీనాలో ముస్లింలు కూడా జార్జిని గౌరవిస్తారు. కేరళలో జార్జి పేరుతో పెద్ద చర్చిలున్నాయి.

మన సంగతి కూడా ఉంది. మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ కట్టిన కోట పేరు సెయింట్ జార్జి కోట. కోస్తా, రాయలసీమ జిల్లాలు చాలా ఏళ్లు మద్రాసు పాలనలోనే ఉన్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది.

పుస్తకాల పండుగ

స్పెయిన్ దేశంలో కాటలోనియా అనే ప్రాంతం ఉంది. అక్కడ ఏప్రిల్ 23 జార్జి పండుగ. ఆ రోజు మగవాళ్లు ఆడవాళ్లకు గులాబీ ఇచ్చేవాళ్లు. ఆడవాళ్లు మగవాళ్లకు పుస్తకం ఇచ్చేవాళ్లు. రానురాను ఆడవాళ్లు మాకూ పుస్తకం కావాలన్నారు. ఇప్పుడు ఇద్దరూ పుస్తకాలు ఇచ్చుకుంటున్నారు.

1995లో యునెస్కో అదే తేదీని ప్రపంచ పుస్తక దినంగా ప్రకటించింది.

చూశారా! ఆనాడు చక్రవర్తి పుస్తకాలు కాల్చాడు. ఈనాడు జార్జి పండుగ రోజే పుస్తకాల పండుగ. కాల్చిన చక్రవర్తి పోయాడు. పుస్తకం మిగిలింది. ఇప్పుడు మీ చేతిలోనూ ఒక పుస్తకం ఉంది.

చెప్పండి
1. చక్రవర్తి ఏమని ఆజ్ఞ వేశాడు?
2. ఈ పాఠంలో కథ ఏది? చరిత్ర ఏది?

మాట్లాడుకోండి
1. పాలకులు పుస్తకాలకు ఎందుకు భయపడతారు?
2. తప్పు అనిపించిన పనిని కాదని చెప్పిన ఆడవాళ్లు మీ ఊళ్లో ఉన్నారా? వాళ్ల గురించి నాలుగు మాటలు రాయండి.