పింగాణీ, సిలికోన్‌లతో త్రీడీ ముద్రణ: రోగికి ఒరిగేదేమిటి?

త్రీడీ ముద్రణ అంటే కంప్యూటర్‌లో రూపొందించిన ఆకారాన్ని పొర మీద పొర పేర్చి వస్తువుగా తయారుచేయడం. ప్లాస్టిక్‌తో ఇది తేలిక. వేడికి కరుగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. పింగాణీ, సిలికోన్ అలా లొంగవు. కానీ ఎముక దెబ్బతిన్నవారికి, చెవి, ముక్కు కోల్పోయినవారికి ఈ రెండూ ఎంతో పనికివస్తాయి. అందువల్ల వైద్య సహాయానికి విరాళమిచ్చే ప్రతి ఒక్కరూ వీటి గురించి కొంత తెలుసుకోవడం మంచిది.

పింగాణీ

1990ల చివర అమెరికాలోని సాండియా జాతీయ ప్రయోగశాల ఒక పద్ధతిని రూపొందించింది. పింగాణీ పొడిని చిక్కని ముద్దగా కలిపి, జంతికల గొట్టంలో పిండి వత్తినట్టు సన్నని తీగలుగా వత్తి పేరుస్తారు. ఆరాక బట్టీలో కాలుస్తారు. కాలినప్పుడు వస్తువు కుంచించుకుపోతుంది కనుక ముందే కొంత పెద్దదిగా ముద్రించాలి.

ఎముకలోని ఖనిజం ప్రధానంగా కాల్షియం ఫాస్ఫేట్ జాతికి చెందినది. అదే జాతి పదార్థంతో రంధ్రాలున్న ముక్కను ముద్రించి ఎముక ఖాళీలో అమర్చితే, ఆ రంధ్రాల్లోకి రక్తనాళాలు, కొత్త ఎముక పెరుగుతాయి. అయితే ఇది పెళుసు. బరువు మోసే కాలి ఎముకకు ఇది ఒక్కటే ఆధారం కాలేదు.

సిలికోన్

సిలికోన్ ద్రవంగా ఉన్నప్పుడు జారిపోతుంది, గట్టిపడ్డాక మళ్లీ కరగదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు దానిని గాలిలో కాక, ఆసరాగా నిలిచే మెత్తని పదార్థంలో ముద్రించారు. 2023లో ఆ ఆసరాను సిలికోన్ నూనెతోనే తయారుచేసి, 8 మైక్రాన్ల సన్నని భాగాలను, మెదడు రక్తనాళపు వాపు నమూనాను సాధించారు. శస్త్రచికిత్సకు ముందు వైద్యులు ఇటువంటి నమూనాలపై సాధన చేయవచ్చు.

2017లో జూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు ముద్రించిన అచ్చు సాయంతో 390 గ్రాముల సిలికోన్ గుండెను తయారుచేశారు. అది సుమారు 3,000 సార్లు మాత్రమే కొట్టుకుంది. అంటే గంట సేపైనా పనిచేయలేదు. ఆలోచన సరైనదే, పదార్థం ఇంకా చాలలేదు.

రెండూ కలిసిన చోట

2016లో కాలిఫోర్నియాలోని హెచ్ఆర్ఎల్ ప్రయోగశాల సిలికాన్ మూలకం గల ద్రవ రెసిన్‌ను కాంతితో ముద్రించి, 1,000 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేసి పింగాణీగా మార్చింది. పొడవు సుమారు 30 శాతం తగ్గినా ఆకారం చెడలేదు, పగుళ్లు రాలేదు.

దాతలు గమనించవలసినది

నేడు రోగికి అందుబాటులో ఉన్న సులువైన మేలు కృత్రిమ చెవి. ఉన్న చెవిని స్కాన్ చేసి, కుడిఎడమలు తిప్పి, అచ్చు ముద్రించి అందులో సిలికోన్ పోస్తారు. కొన్నేళ్లకు దాని రంగు మారుతుంది, అంచులు చిరుగుతాయి, మళ్లీ చేయించాలి. కంప్యూటర్ నమూనా భద్రంగా ఉంటే రెండోసారి కొలతల శ్రమ తప్పుతుంది.

కనుక యంత్రం కొనిచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగాలి: నడిపే నిపుణులున్నారా? శరీరానికి హాని చేయదని ధ్రువీకరించిన పదార్థమేనా? కొన్నేళ్ల తర్వాత అదే రోగికి మళ్లీ చేసిపెట్టే ఏర్పాటుందా? వీటికి జవాబు దొరికిన చోట ఇచ్చిన రూపాయి వృథా పోదు.