ఆపరేషను తేదీ – పంచాయతీ చేయదగిన సాయము

ప్రమాదమున గాయపడినవారికి వైద్యులు వెంటనే శస్త్రచికిత్స చేయుదురు. కంటి శుక్లము, హెర్నియా వంటివానికి ముందుగా తేదీ నిర్ణయింతురు. ప్రాణాపాయము లేదుగదా యని ఆ తేదీని తేలికగా చూడరాదు; చూపు మందగించిన వృద్ధురాలికి వేచియుండు ప్రతి మాసమును భారమే.

వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు నెలకొన్నవి. వసతులు పెరిగినను నిరీక్షణ సాగుటకు కారణమొకటి గ్రామములోనే కలదు. రోగి ఆ దినమునకు వచ్చును. కాని రక్తపుపోటు హెచ్చుగా నుండును, చక్కెరవ్యాధి అదుపులో నుండదు. మత్తు ఇచ్చి చేయు చికిత్సకు, తెలియక ఉదయమే అన్నము తిని వచ్చువారును కలరు. వైద్యుడు వాయిదా వేయక తప్పదు. అప్పటికప్పుడు వేరొకరిని పిలిపించుట కష్టము గనుక ఆ సమయము ఎవరికిని దక్కదు.

పంచాయతీ సభ్యులను మేము కోరునది స్వల్పమే. తేదీ పొందినవారి వివరములను, వారి సమ్మతితో, ఆశా కార్యకర్తకు తెలుపుడు. పదునైదు దినములు ముందుగా ఉపకేంద్రమున రక్తపుపోటు, చక్కెర పరీక్ష చేయించుడు. పిల్లలు వలస పోయిన యిండ్లలో – పాలమూరు సీమకు ఇది క్రొత్త కాదు – వృద్ధులకు తోడు వెళ్ళు మనిషిని కుదుర్చుడు. గద్వాల వైపు విత్తనపు పత్తి పనుల దినములలో తోడు దొరకుట మరింత కష్టము. వెళ్ళలేనివారి సంగతి ముందే ఆసుపత్రికి తెలిపినచో ఆ తేదీ వేరొకరికి లభించును. ఈ పేర్ల పట్టికను మాత్రము పంచాయతీ గోడపై అంటింపవలదు.