నేల మీద కూర్చుని లేవగలరా?

అరవై దాటినవాళ్ళని యోగా చేయమంటే ముందు వచ్చే మాట ఇదే: "కింద కూర్చోలేనండీ. కూర్చుంటే మళ్ళీ లేవలేను." మీరు మొదలుపెట్టాల్సింది సరిగ్గా అక్కడే.

భోజనం టేబుల్ మీదికి వెళ్ళింది, పూజ కుర్చీలోకి వచ్చింది, బాసింపట్టు వేసుకునే అవసరమే తీరిపోయింది. మోకాళ్ళకు సుఖమే, కాదనను. కానీ తొడల్లో బలం, తుంటి కీళ్ళలో వంగే గుణం వాడితేనే నిలుస్తాయి. కండ ముప్పైల నుంచే మెల్లగా తరుగుతూ వస్తుంది, అరవై తర్వాత ఇంకా వేగంగా. అందుకే పెద్ద వయసులో శీర్షాసనం మీద ఆశ పెట్టుకోకండి. ఎవరూ చెయ్యి అందించకుండా నేల మీద కూర్చుని లేవడం సాధించండి. బాత్రూంలో కాలు జారే భయం తగ్గుతుంది.

ఇప్పుడేం నేర్చుకుంటాంలే అనకండి. ఫ్రాన్స్‌లో షార్లెట్ షోపాన్ యాభై ఏళ్ళ వయసులో యోగా మొదలుపెట్టారు. వందేళ్ళు దాటినా పాఠాలు చెప్పారు. 2024లో మన ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

మొదట గోడకు ఆనించిన గట్టి కుర్చీ చాలు. పాదాలు నేలకు ఆనించి, కాస్త ముందుకు వంగి, చేతులు వీలైనంత తక్కువ వాడుతూ లేవండి. అంతే నెమ్మదిగా కూర్చోండి, ధబాలున కూలబడొద్దు. లేచేటప్పుడు ఊపిరి వదలండి. చాలామంది తెలియకుండానే బిగబడతారు, దాంతో బీపీ పెరుగుతుంది. ఇది తేలికయ్యాక గోడ పక్కన, ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం. పాదం తొడ దాకా ఎక్కనక్కర్లేదు. మడమను రెండో కాలి చీలమండకు ఆనించి, వేళ్ళు నేల మీదే ఉంచినా ఆసనమే. ఆసరా తీసుకోవడం నామోషీ కాదు. పుణెలో బి.కె.ఎస్. అయ్యంగార్ కుర్చీలు, తాళ్ళు, దిండ్లనే సాధన సామగ్రిగా మలిచారు.

ఆ తర్వాత నేల. శవాసనం నుంచి ఉన్నపళంగా లేవకండి. ఒక పక్కకు ఒత్తిగిలి, చేతుల మీద బరువు వేసి, మోకాళ్ళ మీదికి రండి. మోకాళ్ళ కింద మడిచిన దుప్పటి ఉండాలి. బలమున్న కాలు ముందుకు వేసి, కుర్చీ పట్టుకుని లేవండి. మొదట్లో ఇంట్లో ఎవరో ఒకరు పక్కన ఉండాలి.

కొన్ని విషయాల్లో మొహమాటం వద్దు. గ్లకోమా ఉంటే తల కిందికి వాలే ఆసనాలు వద్దు. బీపీ, గుండెజబ్బు ఉంటే వేగంగా చేసే కపాలభాతి, ఊపిరి బిగబట్టే కుంభకం మానండి. ఎముకలు గుల్లబారితే పశ్చిమోత్తానాసనంలో నడుం విల్లులా వంచకండి. కీలు మార్పిడి జరిగితే ఆపరేషన్ చేసిన డాక్టర్ని అడగాల్సిందే. యోగా మొదలుపెట్టామని మాత్రలు సొంతంగా ఆపడం మరీ ప్రమాదం. సాధన అయ్యాక ఒళ్ళు తేలికపడాలి. మర్నాటికి కీలు వాచిందంటే మోతాదు మించినట్టే, తగ్గించండి.

పిల్లలకూ ఒక మాట. అమ్మానాన్నల మీద ప్రేమతో మంచినీళ్ళతో సహా అన్నీ కూర్చున్నచోటికే తెచ్చివ్వకండి. ఆదివారం భోజనానికి అందరూ కింద చాపలు పరచండి. నాన్నగారికి ఎత్తుగా ఒక దిండు వేయండి, పక్కనే కుర్చీ ఉంచండి. లేచేటప్పుడు ఆయన అడిగితేనే చెయ్యివ్వండి.