నీడను బట్టి చెట్టు ఎత్తు కనుగొనుట

పాఠశాల ప్రక్కన మోడువారిన తాటిచెట్టు ఒకటి కలదనుకొందము. వానకాలమునకు ముందే దానిని తొలగింపవలెనని పంచాయతీ తీర్మానించినది. చెట్టు మొదటినుండి పాఠశాల గోడ 13 మీటర్ల దూరమున ఉన్నది. “చెట్టు 12 మీటర్లకు మించదు, ఎటు పడినను భయము లేదు” అని ఒక సభ్యుడనును. “15 మీటర్లుండును” అని మరియొకరందురు. కంటి అంచనాతో ఈ వాదము తీరదు. చెట్టెక్కకయే, ఒక కఱ్ఱతోను, కొలత టేపుతోను నిజము తేల్చవచ్చును.

కొలుచు విధము

ఎండ బాగుగా ఉన్న వేళ చెట్టునకు సమీపమున, చదునైన నేలపై 1 మీటరు కఱ్ఱను నిట్టనిలువుగా నిలుపవలెను. దారమునకు రాయి కట్టి వ్రేలాడదీసినచో కఱ్ఱ నిలువు తెలియును. ఒకరు కఱ్ఱ నీడను, మరియొకరు చెట్టు నీడను ఒకే సమయమున కొలువవలెను. కఱ్ఱ నీడ 80 సెంటీమీటర్లు, అనగా 0.80 మీటరు, చెట్టు నీడ 12 మీటర్లు వచ్చినవనుకొందము.

కారణము

సూర్యుడు మిక్కిలి దూరమున నుండుటచే కిరణములు కఱ్ఱపైనను చెట్టుపైనను ఒకే వాలుతో పడును. కఱ్ఱయు చెట్టును నేలకు లంబముగా నున్నవి. కావున కఱ్ఱ, దాని నీడ, కిరణము కలిసి యేర్పడు త్రిభుజమునకును, చెట్టుతో నేర్పడు త్రిభుజమునకును కోణములు సమానము. ఇట్టివి సరూప త్రిభుజములు. వీని భుజములు ఒకే నిష్పత్తిలో నుండును. మూడు కొలతలు తెలిసిన నాలుగవది లభించును.

చెట్టు ఎత్తు : 12 = 1 : 0.80
చెట్టు ఎత్తు = 12 × 1 ÷ 0.80 = 15 మీటర్లు

ఇది పెద్దలెఱిగిన త్రైరాశికమే. 1150లో భాస్కరాచార్యుడు రచించిన “లీలావతి”లో త్రైరాశికమును, నీడల లెక్కలును కలవు.

చెట్టు గోడవైపు పడినచో కొన 2 మీటర్లు పాఠశాలపై బడును! కావున పిల్లలు లేని దినమున, అనుభవజ్ఞులచే పైనుండి ముక్కలుగా కోయించుట క్షేమము.

జాగ్రత్తలు

కఱ్ఱ నీడ 80కి బదులు 85 అని కొలిచినచో ఎత్తు 14.1 మీటర్లే వచ్చును. 5 సెంటీమీటర్ల పొరపాటు చెట్టు ఎత్తులో సుమారు 1 మీటరగును. 2 మీటర్ల కఱ్ఱ వాడినచో ఈ దోషము సగమునకు తగ్గును. చెట్టు నీడను మాను నడిమి నుండి లెక్కింపవలెను. నేల వాలుగా నున్నను, చెట్టు ఒరిగియున్నను ఈ లెక్క సరిపడదు.

అభ్యాసము

1.5 మీటర్ల కఱ్ఱ నీడ 1 మీటరు; అదే వేళ విద్యుత్ స్తంభము నీడ 6 మీటర్లు. స్తంభము ఎత్తెంత?

(జవాబు: 9 మీటర్లు)