మొదటి బంతి ఎవరిది?

పాఠ్యభాగములు: అపొస్తలుల కార్యములు 6:1–7, 1 కొరింథీయులకు 11:17–34, లూకా 14:12–14



మన కోనసీమలో పెండ్లియైనను, గృహప్రవేశమైనను, క్రిస్మసు ప్రేమవిందైనను బంతి భోజనము లేనిదే జరుగదు. మొదటి బంతిలో పెద్దలు, చుట్టములు కూర్చుందురు. తరువాతి బంతులలో ఊరివారు కూర్చుందురు. కడబంతి వండినవారిది, వడ్డించినవారిది. అందరును లేచి, ఆకులు తీసిన పిమ్మట, గుమ్మము వెలుపల నిలిచినవారికి గుండిగ అడుగున మిగిలినది పెట్టుదురు. ఈ పద్ధతి మనకు ఎంత అలవాటైనదనగా, అందులో తప్పున్నదని ఎవరికిని తోచదు. ఈ నెల పాఠములో ఆ అలవాటును వాక్యపు వెలుగులో పరీక్షించుకొందము.

మా తప్పిదముతోనే మొదలుపెట్టుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట మేము సేవచేయుచుండిన ఒక సంఘములో క్రిస్మసు ప్రేమవిందు జరుగుచుండెను. బస్సు స్టాండు అరుగుమీద పండుకొను ఒక వృద్ధురాలు గేటునొద్దకు వచ్చి నిలిచెను. వడ్డన చేయుచున్న యౌవనస్థుడొకడు మర్యాదగానే, "ఆఖరి బంతి అయ్యాక రా మామ్మా" అనెను. "అలాగే బాబూ" అని ఆమె కొబ్బరిచెట్టు నీడను కూర్చుండెను. మేము చూచితిమి. కాని పట్టణమునుండి వచ్చిన అతిథులతో మాటలలో ఉంటిమి. ఆ దినమున జనము ఎక్కువై నాలుగవ బంతికే అన్నము అయిపోయెను. మాకు జ్ఞాపకము వచ్చి వెళ్లి చూచునప్పటికి చెట్టు క్రింద ఎవరును లేరు. ఆ ఉదయమున మేము చేసిన ప్రసంగము, సత్రములో చోటు దొరకని మరియ యోసేపులను గూర్చినది!

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అప్పటినుండి ఈ వాక్యభాగములు మాకు వేరుగా వినబడుచున్నవి.

1. యెరూషలేములో మరచిపోబడినవారు

ఆదిసంఘములో ప్రతిదినము భోజనము పంచు పరిచర్య ఉండెను. తిండికి గతిలేని విధవరాండ్రు దానిమీద ఆధారపడియుండిరి. వారిలో గ్రీకు మాట్లాడు యూదుల విధవరాండ్రకు సరిగా అందుటలేదని సణుగు పుట్టెను. ఎవరైనను పగబట్టి వారిని తప్పించిరని లూకా వ్రాయలేదు; వారు లెక్కలోనికి రాలేదని మాత్రమే వ్రాసెను. క్రిస్మసునాడు మా గేటునొద్ద జరిగినదియు ఇంతే. ఎవరును తిట్టలేదు, ఎవరును గెంటలేదు. లెక్కలోనికి రాలేదు, అంతే.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే అని మనలో ఒక సామెత ఉన్నది. దానిని తిరుగవేసి చూడుడి. వడ్డించువాడు తమవాడు కానివారి గతి ఏమి? ఆ విధవరాండ్ర బాధ అదియే. గరిటె పట్టినవారిలో వారి భాష తెలిసినవారు, వారి పేరు ఎరిగినవారు లేరు.

అపొస్తలులు ఏమిచేసిరో గమనింపుడి. ఫిర్యాదు చేసినవారి నోరు మూయించలేదు. ఇంత చికాకు ఎందుకని వంట మానిపించలేదు. మంచిపేరును, ఆత్మపూర్ణతయు, జ్ఞానమును గల ఏడుగురిని ఎన్నుకొనుడని సంఘముతో చెప్పిరి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు—ఈ ఏడును గ్రీకు పేర్లే. కడపటివాడు యూదుల మతములో ప్రవేశించిన అంతియొకయవాడు. మరచిపోబడినవారి పక్షమువారి చేతికే సంఘము గరిటె ఇచ్చినదని దీనివలన తోచుచున్నది. ఆ దినమునుండి ఆ విధవరాండ్రకు వడ్డించువాడు తమవాడే ఆయెను.

మరియొక సంగతి. ఈ అధ్యాయములో భోజనము పంచుటకును, వాక్యము బోధించుటకును మూలభాషలో వాడబడినది ఒకే మాట. రెండును పరిచర్యయే. బల్లయొద్ద సేవ చిన్నదనియు, ప్రసంగవేదికయొద్ద సేవ పెద్దదనియు తలంచువారు దీనిని బాగుగా ఆలోచింపవలెను. ఏడవ వచనము చూడుడి: వడ్డన సరిపడిన తరువాతనే వాక్యము మరి ఎక్కువగా వ్యాపించినదని లూకా వ్రాసెను.

2. కొరింథులో ముందు తినినవారు

కొరింథు సంఘస్థులు ప్రభురాత్రి భోజనమునకు కూడుకొన్నప్పుడు తిండియు కలిసియే జరిగెడిది. కలిగినవారు తీరికగా ముందు తినిరి, త్రాగిరి. లేనివారు ఆకలితోనే మిగిలిరి. దాసులును కూలివారును పనులు ముగించుకొని వచ్చునప్పటికి పాత్రలు ఖాళీయై ఉండెనని పండితులు అనేకులు తలంతురు. ఇది ప్రభువు భోజనమే కాదని పౌలు ఖండితముగా చెప్పెను. లేనివారిని సిగ్గుపరచువారు దేవుని సంఘమునే తృణీకరించుచున్నారని గద్దించెను.

మనము ఈ అధ్యాయమును రొట్టె ద్రాక్షారసముల సమయమున చదువుచుందుము. మన హృదయములను పరీక్షించుకొందుము. మంచిదే. కాని పౌలు ఆ హెచ్చరిక వ్రాయుటకు కారణమైనది ఒక బంతి భోజనము. అతడు చెప్పిన మందు సులభమైనది: ఒకరికొరకు ఒకరు కనిపెట్టుడి. కలిగినవాడు కనిపెట్టవలెను. ఆకలిగొన్నవాడు ఇదివరకే కనిపెట్టియున్నాడు.

3. కప్పదొకియలో తువాలు కట్టుకొనినవాడు

పేతురు తన మొదటి పత్రికను వ్రాసిన దేశములలో కప్పదొకియ ఒకటి. అక్కడి కైసరయ పట్టణములో సుమారు 369వ సంవత్సరమున ఘోరమైన కరవు కలిగెను. ధాన్యమున్నవారు ధర పెరుగునని కొట్లకు తాళములు వేసిరి. బాసిలు అను సంఘసేవకుడు తన ప్రసంగములచేత ఆ తాళములు తీయించెను. ఆకలిగొన్న స్త్రీపురుషులను, పిల్లలను, వృద్ధులను ఒకచోట చేర్చి, పెద్ద పాత్రలలో పులుసు కాయించి, ప్రభువు శిష్యుల పాదములు కడిగిన రీతిని తలంచుకొని తానే వడ్డించెను. అతని స్నేహితుడైన గ్రెగోరి ఈ సంగతి చెప్పియున్నాడు. బాసిలు ఆ మరుసటి సంవత్సరమున బిషప్పు ఆయెను. ముందు గరిటె, తరువాత పదవి.

4. లంకల గన్నవరములో ఆరని పొయ్యి

ఇంత దూరము పోనక్కరలేదు. మన ముమ్మిడివరమునకు పడమరగా, వైనతేయ పాయ ఒడ్డున లంకల గన్నవరమున్నది. అక్కడ డొక్కా సీతమ్మగారు నివసించిరి. ఆమె 1841లో మండపేటలో పుట్టి, డొక్కా జోగన్నగారిని వివాహమాడి గన్నవరము వచ్చిరి. 1909లో కన్నుమూయు వరకు ఆ ఇంటికి వచ్చినవారికెల్ల అన్నము పెట్టిరి. ఆ దినములలో గోదావరి పాయలు దాటువారికి వంతెనలు తక్కువ. పడవకొరకు గంటలు కనిపెట్టవలెను. దారినపోవువారికి ఆ ఇల్లే సత్రము. ఏ వేళకు వచ్చితిరని గాని, ఏ కులమని గాని అడుగకుండ పెట్టెడివారని ఇప్పటికిని చెప్పుకొందురు.

ఆమెను గూర్చి మన ప్రాంతములో చెప్పుకొను ఒక సంగతి ఉన్నది. ఆమె ఒకసారి అంతర్వేది స్వామి దర్శనమునకు పల్లకిలో బయలుదేరిరి. దారిలో ఆగినచోట ఒక ప్రయాణపు గుంపువారు ఆకలికి ఏడ్చు పిల్లలను ఓదార్చుచు, గన్నవరము చేరినయెడల సీతమ్మగారు అన్నము పెట్టుదురని చెప్పుట ఆమె చెవిని పడినది. ఆమె యాత్ర మాని, వారికంటె ముందుగా ఇల్లు చేరి వంట చేయించిరట. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవమునకు పిలుపు వచ్చినను ఆమె వెళ్లలేదనియు, అధికారులు ఆమె ఫోటో తీయించి పంపిరనియు చెప్పుదురు. గన్నవరము కొత్త అక్విడక్టుకు ఆమె పేరే ఉన్నది. 2024లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరు పెట్టినది.

ఆమె మన సంఘస్థురాలు కారు గదా అని ఎవరైన అడుగవచ్చును. పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి ప్రభువు యాజకుని చూపలేదు, లేవీయుని చూపలేదు, సమరయుని చూపెను. పొరుగింటినుండి పాఠము నేర్చుకొనుటకు సిగ్గుపడకూడదు. ఆకలిగొన్నవాని వేళయే ఆమె వేళ. మనమో, మన వేళకు ఆకలిగొన్నవారిని కూర్చుండబెట్టుచున్నాము.

5. మనమును ఒకప్పుడు ఆ బంతిలో కూర్చుంటిమి

1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను మన ప్రాంతపు పెద్దలు మరువలేరు. మేము అప్పటికి బాలురము. వెయ్యిమందికి పైగా చనిపోయిరి. కొబ్బరితోటలు వరుసలు వరుసలుగా ఒరిగిపోయెను. తెల్లవారిన తరువాత ఎవరి ఇంటను పొయ్యి వెలుగలేదు. బడి ఆవరణలో గాడిపొయ్యి త్రవ్వి, తడిసిన కొబ్బరి మట్టలు రాజబెట్టి, ఎవరో గంజితో కూడ అన్నము వండిరి. ఆ పొగ వాసన ఆ అన్నములో ఉండెను. తోట యజమానియు, అతని తోటలో దింపు తీయు కూలియు ఒకే బంతిలో కూర్చుండిరి. మొదటి బంతి, కడబంతి అను మాట ఆ దినమున వినబడలేదు. నెల తిరుగకముందే బంతులు మరల విడిపోయెను. తుపాను వచ్చిననే తప్ప మనము కలిసి కూర్చుండలేమా?

6. బియ్యము వేరు, అన్నము వేరు

ప్రభుత్వము బియ్యము ఇచ్చుచుండగా ఈ వంట ఎందుకని కొందరు అడుగుదురు. బియ్యమునకు కార్డు కావలెను. కార్డునకు చిరునామా కావలెను. బియ్యము అన్నమగుటకు పొయ్యి, గిన్నె, సత్తువగల చేతులు కావలెను. అరుగుమీద పండుకొనువానికి ఇవేవియు లేవు. కూతురో కోడలో గల్ఫు దేశమునకు పనికి పోగా, చిన్నపిల్లలతో ఒంటరియైన ముసలివారు మన ఊళ్లలో ఉన్నారు. వారికి డబ్బు వచ్చును గాని, జ్వరము వచ్చిన దినమున వండిపెట్టువారు లేరు.

పని చేయనివానికి తిండి ఎందుకని 2 థెస్సలొనీకయులకు 3:10 చూపువారును కలరు. పౌలు చెప్పినది పని చేయుటకు ఇష్టము లేనివానిని గూర్చి. పని చేయలేనివానిని గూర్చి కాదు. ఈ రెండింటికిని భేదము వాకిట నిలిచి విచారణచేసి తేల్చునది కాదు. ముందు పెట్టి, తరువాత మెల్లగా తెలిసికొనవలెను.

ఇప్పుడు మేమున్న సంఘములో శనివారము మధ్యాహ్నము వండుచున్నాము. గొప్ప పని ఏమియు కాదు. స్త్రీలు దినమును ఎసట్లో పోయుటకు ముందు ఒక పిడికెడు బియ్యము వేరుగా తీయుదురు. ఆరు కుటుంబములు వంతులవారీగా వచ్చి వండుదురు. కిలో బియ్యమునకు ఎనిమిదిమంది లెక్క. గతవారము వచ్చినవారికంటె పదిమందికి అదనముగా ఎసరు పెట్టుదుము. అన్నము, పప్పు, ఒక కూర, మజ్జిగ. వచ్చినవారు గేటునొద్ద నిలువరు. లోపల అరటి ఆకుముందు కూర్చుందురు. వడ్డించువారు పేరు, కులము, మతము అడుగరు. ఫోనుతో ఫోటోలు తీయరు. "ఇంకొంచెం వేయనా?" అనుటయే వారి విచారణ.

మొదట మాకు తెలియక ఒక లోపము చేసితిమి. వడ్డించువారందరు సంఘమువారే, తినువారందరు బయటివారే. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయము చదివి, తినుటకు వచ్చెడి ఒక పెద్దాయన చేతికి మజ్జిగ చెంబు ఇచ్చితిమి. పండ్లు లేక మెత్తని అన్నము కావలసినది ఎవరికో, పంచదారవ్యాధి ఎవరికున్నదో ఆయనకు తెలియును, మాకు తెలియదు. ఒక శనివారమున ఆయన బంతి నిలువునా చూచి, "అయ్యగారూ, ఆ మూలన కూర్చునే ఆవిడ రాలేదండీ" అనెను. వెదకగా ఆమె సంత పాకలో జ్వరముతో పడియుండెను. ఆమెను ఆసుపత్రికి చేర్చితిమి. మా పుస్తకములో ఆమె పేరు లేదు. ఆయన లెక్కలో ఉన్నది.

బంతిలో వలపక్షము పనికిరాదని మన పెద్దలు చెప్పుదురు. ప్రభువు ఇంకను ముందుకు పోయెను. విందు చేయునప్పుడు తిరిగి పిలువగలవారిని కాక, తిరిగి పిలువలేనివారిని పిలువుమనెను. అట్టివారు ఆయన విందులో మిగిలినది తినువారు కారు, పిలువబడిన అతిథులు. గలిలయలో పన్నెండు గంపలు నిండినది అందరును తృప్తిపొందిన తరువాతనే.

గత క్రిస్మసునాడు మా సంఘములో మొదటి బంతి శనివారపు అతిథులది. అతిథులు నొచ్చుకొందురని ఒకరిద్దరు పెద్దలు భయపడిరి. ఎవరును నొచ్చుకొనలేదు, పట్టణమునుండి వచ్చినవారిలో ఇద్దరు చొక్కా చేతులు మడిచి వడ్డనకు దిగిరి. మేము కొబ్బరిచెట్టు వైపు పలుమార్లు చూచితిమి. ఆనాటి మామ్మను మేము మరల చూడలేదు. ఆమెకు బాకీపడిన విస్తరిని ఇప్పుడు ఇతరుల ముందు వేయుచున్నాము.

కూటములలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మన సంఘ విందులలో కడపట తినునది ఎవరు? ఎందుచేత?
2. మన సహాయమును పొందువారిలో ఒకరి చేతికైనను మనము గరిటె ఇచ్చితిమా?
3. మన ఊరిలో బియ్యముండియు అన్నము లేనివారు ఎవరు? వారి పేర్లు మనకు తెలియునా?
4. ఈ వారము మన వేళను విడిచి, ఆకలిగొన్నవాని వేళకు మనము చేయగలిగిన ఒక పని ఏమి?